అరిగిన టైర్ల వంతు

మా తమ్ముడికీ నాకూ మధ్య మాటలు లేవు. కారు ఉంది. రెండు తలుపుల ఎర్ర స్పోర్ట్స్ కారు. మిరపకాయకు మంచి ధర పలికిన ఏడాది మా నాన్న హైదరాబాదు వెళ్ళి సెకండ్ హ్యాండులో కొనుక్కొచ్చాడు. జీవితమంతా పంచె ఎగ్గట్టి మిరప తోటల్లో తిరిగిన మనిషికి ఈ పిచ్చేమిటని చుట్టాలందరూ అడిగారు. "నాకు నచ్చింది, కొన్న" అన్నాడు. స్పీడ్ బ్రేకర్ వచ్చిన ప్రతిచోటా దాని పొట్ట గీసుకుపోతుంటే తిట్టుకుంటూ, ఉన్నన్నాళ్ళూ భద్రాచలం నుంచి దుమ్ముగూడెం దాకా సంతోషంగా తిరిగాడు. ఆయన పోయాక మేమిద్దరం పొలం పంచుకున్నాం, ఇల్లు పంచుకున్నాం, కోల్డ్ స్టోరేజీలో వాటా పంచుకున్నాం. కారు దగ్గర ఆగిపోయాం.

అమ్మేసి చెరిసగం తీసుకోవచ్చు కదా అని ఎవరైనా అంటారు. అన్నారు కూడా. నేను అమ్మనన్నాను, వాడూ అమ్మనన్నాడు. తనే ఉంచుకొని నా వాటా నాకిస్తానన్నాడు, నేను ఒప్పుకోలేదు. నేను ఉంచుకుంటానంటే పెద్దమనుషుల ముందు నవ్వాడు.

"ఆడమనిషికి గీ కారెందుకక్కా? కూరగాయలకు పోతవా దీంట్ల?" అన్నాడు.

నాకు పెళ్ళి కాకముందే, అడవి దారిలో, జీపులో కూర్చోబెట్టి నడపడం నేర్పింది మా నాన్న. వాడికంటే ముందు నాకే నేర్పాడు. ఆ సంగతి వాడికి తెలుసు. తెలిసే అన్నాడు. పొలంలో వాటా అడిగిన రోజు నుంచీ నేనంటే వాడికి కడుపు మంట. ఆ మంట ఇలా ఎక్కడో ఒకచోట కక్కాలి కదా. నాకు మాత్రం ఒళ్ళంతా కారం పూసినట్టయింది. ఇక ఆ కారు వదిలేది లేదని అక్కడే తేల్చుకున్నాను.

పంపకం పెద్ద మా మేనమామ. ఆయనకు కార్ల గురించి ఏమీ తెలియదు, బావుల గురించి మాత్రం బాగా తెలుసు. మా వైపు అన్నదమ్ములకు ఒకే బావి, ఒకే మోటారు ఉంటే వంతులు వేసుకుంటారు. పున్నమి నుంచి అమావాస్య దాకా ఒకరు, అమావాస్య నుంచి పున్నమి దాకా ఇంకొకరు నీళ్ళు పెట్టుకుంటారు. మోటారు ఎవరి వంతులో కాలితే వాళ్ళే బాగు చేయించాలి. తరతరాలుగా నడుస్తున్న పద్ధతి, అందరికీ అలవాటైన పద్ధతి. మా మేనమామ కాసేపు గడ్డం గోక్కొని ఆ పద్ధతినే తెచ్చి కారుకు తగిలించాడు.

"బావి మోటారు లెక్క వంతులేసుకోండ్రి. ఎవరి వంతుల ఏది చెడిపోతే వాళ్ళే చేపిచ్చుకోవాలె. ఇగ నా దగ్గరికి పంచాయతీ తేవొద్దు" అన్నాడు.

అందరూ తలలూపారు. నేనూ ఊపాను, వాడూ ఊపాడు. మోటారుకూ టైరుకూ ఉన్న తేడా ఆ కూర్చున్నవాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు. మోటారు ఒక్కసారిగా కాలిపోతుంది. నిన్న తిరిగింది, ఇవాళ తిరగదు, ఎవరి వంతులో పోయిందో ఊరంతా చూస్తుంది. టైరు అలా పోదు. రోజూ కాస్త కాస్త అరుగుతుంది. నా వంతులో కొంత, వాడి వంతులో కొంత. ఇంతకీ పోయింది ఎవరి వంతులోనట?

దాంతో మొదలైంది మా యుద్ధం. పాల్వంచ దాటాక ఒక పెట్రోలు బంకు ఉంది, అక్కడ కారు చేతులు మారుతుంది. నేను ఖమ్మం నుంచి కారులో వస్తాను, మా ఆయన వెనక మా ఇంకో బండిలో వస్తాడు. వాడు అవతలి నుంచి పాలేరును వెంటబెట్టుకొని తన జీపులో వస్తాడు. పున్నమి నుంచి అమావాస్య దాకా నా వంతు. అమావాస్య నాడు బండి ముట్టనని వాడికి ఒక పట్టింపు, కాబట్టి పాడ్యమి దాకా నేనే కాపలా. వచ్చాక పలకరింపు ఉండదు. నేరుగా టైర్ల దగ్గర గొంతుక్కూర్చుంటాడు. గోరు పెట్టి గాడులు ఎంత లోతున్నాయో చూస్తాడు, ఫోనుతో నాలుగింటినీ ఫోటోలు తీస్తాడు. నేనేం తక్కువ తిన్నానా, కారు నాకు తిరిగి ఇచ్చేటప్పుడు నేనూ తీశాను. చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకొని పెట్రోలు బంకులో టైర్ల ముందు గొంతుక్కూర్చున్న ఆడమనిషిని చూసి అక్కడి జనం నవ్వుకునేవాళ్ళు. నవ్వితే నవ్వారు.

గాడుల మధ్య అడ్డంగా చిన్న రబ్బరు గట్టు ఉంటుంది. పై రబ్బరు అరిగి ఆ గట్టుతో సమానమైతే టైరు మార్చమని గుర్తు. వెనక టైర్లు రెండూ ఆ గట్టుకు సమానమయ్యాయి. వాడూ చూశాడు, నేనూ చూశాను. ఇద్దరం నోరు మెదపలేదు. పేలితే నా వంతులో పేలకూడదని నేను, తన వంతులో పేలకూడదని వాడు. టైర్లు పేలకుండా గుండు అవుతూ పోయాయి. ఎండాకాలమంతా అలాగే గడిచిపోయింది.

తర్వాత వానలు పడ్డాయి.

ఆ రోజు కారు అప్పజెప్పడానికి బయల్దేరాను. మా ఆయనకు దుకాణంలో పని ఉండి వెనక ఆలస్యంగా వస్తానన్నాడు. ఆయనది ఎరువుల దుకాణం, వానలు పడితే తీరిక ఉండదు. కొత్తగూడెం దాటేదాకా పొడిగానే ఉంది. పాల్వంచ దాటి టేకు చెట్లు మొదలైన చోట తుంపర పట్టుకుంది. రోడ్డు తడిసింది, అంతే. నేనేమీ వేగంగా పోవడం లేదు. మలుపులో యాక్సిలరేటర్ మీద కాలు కాస్త ఆనిందో లేదో కారు తోక ఎడమకు జారిపోయింది. ఈ కారుకు ఇంజను బలమంతా వెనక చక్రాల మీదే. ఆ చక్రాలకు పట్టు లేకపోతే ముందు మనం ఎటు తిప్పినా వెనక దాని ఇష్టం దానిది. స్టీరింగు ఎటు తిప్పానో నాకు గుర్తు లేదు. టేకు చెట్లు అద్దం ముందు నుంచి పక్కకు పరుగెత్తాయి. ఆగేసరికి రోడ్డుకు అడ్డంగా ఉన్నాను. ఎదురుగా వస్తున్న బస్సు నాకు బాగా దగ్గరికి వచ్చి ఆగింది.

బస్సు డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "సావనీకి ఇంక యాడ జాగ దొరకలేదా అమ్మా?" అన్నాడు.

ఎవరేమన్నా తిరిగి అనకుండా ఉండలేని దాన్ని, కారు పక్కకు తీసి ఊరుకున్నాను. బస్సు పోయాక కూడా అక్కడే కూర్చున్నాను. నాకు భయమేసింది. చచ్చిపోయేదాన్నే కదా అనిపించింది. ఆ తర్వాత నడక వేగంతో బంకు దాకా వెళ్ళాను. దారి పొడుగునా వాణ్ణి తిట్టుకుంటూనే ఉన్నాను, మా మేనమామను కూడా.

బంకులో వాడి జీపు నిలబడి ఉంది. వాడితో పాటు వాడి కూతురు వచ్చింది. భద్రాచలంలో డిగ్రీ రెండో ఏడాది చదువుతున్న పిల్ల. నాకు ఇద్దరు కొడుకులు, ఇద్దరికీ కారంటే ఫోను ఛార్జింగు పెట్టుకునే చోటు. ఈ పిల్ల అలా కాదు. చిన్నప్పుడే మా నాన్న ఒళ్ళో కూర్చొని హారను కొట్టేది. నాన్న పోలికంతా దాని ముఖంలోనే ఉంది. మా ఇంట్లో నేను ఎవరినైనా పోట్లాడకుండా చూశానంటే ఆ పిల్లనే. అది నన్ను చూసి నవ్వి, చెయ్యి చాపింది.

"తాళం ఇయ్యి అత్తా. ఇప్పుడు నేనే నడుపుతున్న."

"ఎక్కడిదాకా?"

"ఇంటిదాకా. మొన్న వంతుల కూడ నేనే నడిపిన. దుమ్ముగూడెం పోయి వచ్చిన, ఒక్కదాన్నే."

వాడి వైపు తిరిగాను. కొన్ని నెలల తర్వాత వాడితో నేను మాట్లాడిన మొదటి మాట అది.

"పిల్లకు ఇస్తున్నవా ఈ బండి?"

"నేర్చుకుంటున్నది" అన్నాడు వాడు, నా ముఖం చూడకుండా. "ఎట్లా అరిగిన టైర్లే గదా. పాతవాటి మీద నేర్చుకుంటే ఏం పోతది? ఇంకింత అరుగుతయ్, గంతే."

మా వాళ్ళందరిదీ ఇదే లెక్క. పాత సైకిలు మీద సైకిలు నేర్పుతారు, విరిగిన నాగలి మీద దున్నడం నేర్పుతారు. పాడైనా పర్వాలేనిది ఏదుంటే అది పిల్లల చేతికిస్తారు. పాడయ్యేది వస్తువే అని వాళ్ళ ధీమా.

"ఇప్పుడే మలుపుల దగ్గర బండి తోక తిరిగింది. బస్సు కిందికి పోయేదాన్ని. టైర్లు మార్చకుండ పిల్లకు ఇయ్యకు" అన్నాను.

వాడు అప్పుడు తలెత్తి చూశాడు. ముఖంలో వెలుగు వచ్చింది. అక్క బతికి బయటపడిందన్న వెలుగు కాదు.

"ఎవరి వంతుల తిరిగింది?" అన్నాడు.

నేను పిల్లకు అడ్డంగా జరిగి, కారు తలుపుకు ఆనుకొని నిలబడ్డాను.

"నీ వంతుల గదా తిరిగింది? నీ నోటితోనే చెప్పినవ్. అంటే టైర్లు నీ వంతుల పోయినయ్. ఇగ ఎయ్యాల్సింది నువ్వే."

ఇలాంటి మనిషితో ఒకే కడుపున పుట్టానా అనిపించింది. చెంప పగలగొడదామని చెయ్యి లేచింది కూడా. ఎదురుగా ఆ పిల్ల ఉందని ఆగాను. తాళం గుప్పిట్లో బిగించి తిరిగి కారెక్కాను.

"నా వంతు మొదలైంది, బండి ఇచ్చి పో" అని వాడు అరిచాడు.

"ఇయ్య. ఏం చేస్కుంటవో చేస్కో" అన్నాను.

అద్దంలో ఆ పిల్ల కనిపించింది. చాచిన చెయ్యి ఇంకా పూర్తిగా కిందికి దించలేదు. నన్ను ఏదో పరాయిదాన్ని చూసినట్టు చూస్తోంది. ఆ చూపే గుచ్చుకుంది నాకు. ఖమ్మం దాకా అంత నెమ్మదిగా నడిపితే వెనక లారీలవాళ్ళంతా హారన్లతో చెవులు చిల్లులు పొడిచారు.

ఆ సాయంత్రమే మేనమామ ఫోను. "ఎవరి వంతుల బండి వాళ్ళ దగ్గర ఉండాలె బిడ్డా. నువ్వు ఇయ్యకపోతే తప్పు నీది అయితది. వచ్చే ఆదివారం లోపల ఇచ్చెయ్యి" అన్నాడు. టైర్ల సంగతి చెప్పాను. "మరి ఏపియ్. నీ వంతుల పోయినయ్ అంటుండు గదా" అన్నాడు. ఆయనకూ అదే పాట. ఇలాంటి పెద్దమనిషిని పంపకానికి పిలిచినందుకు నన్ను నేనే అనుకోవాలి.

ఆదివారం వస్తే కారు వాడి చేతికి పోతుంది, వాడి చేతిలోంచి ఆ పిల్ల చేతికి. ఈలోపల టైర్లు పడాలి. ఇక వాడు గెలిచాడా నేను గెలిచానా అన్నది పక్కన పెట్టక తప్పలేదు. పక్కన పెట్టానని చెప్పడం తేలికే కానీ, పళ్ళు నూరుకుంటూనే పెట్టాను.

ఖమ్మంలో టైర్ల దుకాణాలకేం, వీధికొకటి. మొదటిచోట లారీ టైర్ల మధ్య కూర్చున్నాయన కారు వైపు చూసి, "రీసోలింగ్ చేపిద్దామా?" అన్నాడు. అరిగిన టైరు మీద కొత్త రబ్బరు అతికించడమన్నమాట. ఈ కారుకా? దండం పెట్టి బయటికొచ్చాను. బైపాస్ రోడ్డు మీద పెద్ద కార్ల టైర్లు అమ్మే ఏసీ దుకాణం ఉంది, అక్కడికి వెళ్ళాను. కౌంటరు వెనక కుర్రాడిలా చొక్కా వేసుకున్న నడివయసు మనిషి నా వెనక్కి, తలుపు వైపు చూశాడు.

"సారు రాలేదా మేడం?"

"ఏ సారు?"

"అంటే, కారు సారు."

"కారు నాది. టైరు సైజులు చెప్తాను, రాసుకోండి" అన్నాను.

రాసుకున్నాడు. మళ్ళీ చూసుకున్నాడు. "ముందు ఒక సైజు, వెనక ఒక సైజు చెప్పారు మేడం. తప్పు పడ్డట్టుంది. నాలుగూ ఒకటే ఉంటయ్."

"ఉండవు. ఈ కారుకు వెనకవి వెడల్పు. బయట నిలబెట్టాను, వెళ్ళి చూసి రండి."

వెళ్ళి చూసి వచ్చాడు. తప్పు నాదేమీ కాదని తేలినా ముఖంలో మాత్రం నేనేదో తప్పు చేసినట్టే ఉంది. స్టాకు లేదని, హైదరాబాదు నుంచి తెప్పించాలని, నాలుగూ మారిస్తేనే మంచిదని చెప్పాడు. కంప్యూటరు నా వైపు తిప్పాడు. సైజుకు సరిపోయేవి రెండు రకాలు ఉన్నాయి. మొదటిది గట్టి రబ్బరు. ఏళ్ళ తరబడి అరగదట. పొడి రోడ్డు మీద ఏ లోటూ ఉండదు, వానలో మాత్రం పట్టు తక్కువ. రెండోది మెత్తటి రబ్బరు. తడి రోడ్డును జిగురులా పట్టుకుంటుంది, కానీ తొందరగా అరిగిపోతుంది. దాని ధర కూడా ఎక్కువే.

"మన ఏరియాకు గట్టివే తీస్కుంటరు మేడం అందరూ. లైఫ్ వస్తది" అన్నాడు.

రేపు చెప్తానని ఇంటికొచ్చాను. మా ఆయనతో అంటే ఆయన కూడా లైఫ్ మాటే ఎత్తాడు. "మెత్తవి వేస్తే అరగ్గొట్టేది ఎవరు? నీ తమ్ముడు. వాడి వంతు అయ్యేసరికి మళ్ళీ గుండు చేసి నీకిస్తాడు. గట్టివి వెయ్యి, పీడ పోతుంది" అన్నాడు. ఆయన మాట నాకు నచ్చింది. నిజం చెప్తున్నాను, బాగా నచ్చింది. నేను కొన్న మెత్తటి రబ్బరును వాడు దుమ్ముగూడెం కంకర మీద గీకి గీకి అరగదీస్తుంటే, ఆ దృశ్యం కళ్ళ ముందు ఆడుతుంటే, ఎవరికి మాత్రం చెయ్యి వస్తుంది? వాడి సుఖానికి నేను రబ్బరు పొయ్యాలా? గట్టివే చెప్పేద్దామని నిర్ణయానికి వచ్చాను. తెల్లారి దుకాణానికి ఫోను చేయబోతుంటే ఆ పిల్ల ఫోను చేసింది.

"అత్తా, బండి ఎప్పుడిస్తవ్?"

"ఇస్తా. టైర్లు ఏపిచ్చి ఇస్తా. వానల జారుతున్నది బిడ్డా, నువ్వు జర భద్రం."

"జారుడా? తోక ఊగుడేనా?" అని నవ్వింది. "అది గట్లనే ఊగుతది అత్తా. నాకు తెల్సు. మలుపుల జర రేజ్ ఇస్తే అట్ల పక్కకొస్తది, భలే ఉంటది. నా ఫ్రెండ్స్ వీడియో కూడ తీసిండ్రు."

గుండు టైర్ల మీద నేర్చుకున్న పిల్ల అది. కారు అలా జారడం దాని స్వభావమే అనుకుంటోంది. జారితే భయపడాలన్న సంగతే దానికి తెలియదు. నాన్న నాకు నేర్పినప్పుడు తడి రోడ్డు మీద జీపు కాస్త కదిలితే పక్కనుంచి బ్రేకు మీద ఆయన కాలు పడేది. దీని పక్కన ఎవరున్నారు? వీడియో తీసేవాళ్ళు ఉన్నారు.

"ఆ వీడియో మీ నాన్న చూసిండా?"

"చూసిండు. ఏమన్లే. పాత టైర్లే గదా అన్నడు."

ఫోను పెట్టేసి, దుకాణానికి చేశాను. మెత్తవి, నాలుగూ, శనివారానికి నా ముందు ఉండాలని చెప్పాను. "లైఫ్ రాదు మేడం, తర్వాత మమ్మల్ని అనొద్దు" అన్నాడాయన. లైఫ్ గురించి నాకు చెప్పొద్దని గట్టిగానే కసిరాను. పాపం, ఆయనకు ఏం అర్థమై ఉంటుంది. మా ఆయన ఆ రెండు రోజులూ నాతో సరిగ్గా మాట్లాడలేదు. వాడి కూతురి కోసం మన ఇంట్లోంచి డబ్బు ఎందుకు పోవాలని ఆయన బాధ. వాడి కూతురు నా తండ్రి మనవరాలు అన్నాను. ఆయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

శనివారం టైర్లు బిగిస్తుంటే దగ్గర నిలబడ్డాను. కుర్చీ వేస్తామన్నారు, వద్దన్నాను. వెనకవి వెనక, ముందువి ముందు పడేదాకా కదల్లేదు. కొత్త టైర్ల మీద నున్నటి పూత ఉంటుందని, అది పోయేదాకా మెల్లగా నడపాలని చెప్పారు. ఆ సాయంత్రం బోనకల్ దాకా మెల్లగా వెళ్ళి వచ్చాను. తిరిగి వస్తుంటే మళ్ళీ వాన పడింది. తడి రోడ్డు మీద కావాలనే మలుపులో కాలు కాస్త నొక్కి చూశాను. తోక కదల్లేదు. కారు బరువంతా రోడ్డుకు అతుక్కొని తిరిగింది. నాకు ఏడుపొచ్చింది. వాడి మీద ఉన్న కోపమంతా అలాగే ఉంది, అయినా ఆ పిల్ల ఇక బతుకుతుందని ఏడుపొచ్చింది.

ఆదివారం బంకు దగ్గర సన్నగా చినుకులు పడుతున్నాయి. తండ్రీ కూతుళ్ళిద్దరూ వచ్చారు. పిల్ల నా చేతిలోంచి తాళం అందుకొని, ఈసారి నవ్వకుండా వెళ్ళి స్టీరింగు ముందు కూర్చుంది. పోయినసారి తాళం ఇవ్వకుండా వచ్చేసిన కోపం ఇంకా ఉన్నట్టుంది. కూర్చున్నాక మాత్రం ఉండబట్టలేక స్టీరింగు మీద చెయ్యి రాసింది.

వాడు అలవాటు ప్రకారం వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. గోరు పెట్టాడు. లోతుగా దిగింది. వేలు గాడిలో పెట్టి చుట్టూ తిప్పాడు. నాలుగింటినీ చుట్టూ తిరిగి చూసి, లేచి చేతులు దులుపుకున్నాడు.

"ఏపిచ్చినవ్ అన్నమాట. అంటే నీ వంతుల పోయినట్టు ఒప్పుకున్నవ్" అన్నాడు.

"ఒప్పుకున్న. ఇగ పిల్లను నడపనీ" అన్నాను.

వాడు కారు తలుపు తీశాడు.

"దిగు బిడ్డా."

పిల్లకు అర్థం కాలేదు. "ఎందుకు నాన్నా?"

"కొత్త టైర్లు. నువ్వు తోక ఊపుకుంట పదిరోజుల్ల అరగ్గొడ్తవ్. మళ్ల నా వంతుల పోతే ఎవరెయ్యాలె, నేను ఎయ్యాలె. నేర్చుకున్నది చాలు, దిగు."

"అది నడపనీకనే ఏపిచ్చిన్రా. దాని కోసమే మెత్తవి తెచ్చిన. అరిగితే మళ్ల నేనే ఏపిస్త, పెద్దమనుషుల ముందు రాసిస్త" అన్నాను. వాణ్ణి అలా బతిమాలడం నా జన్మలో అదే మొదటిసారి.

"నువ్వు ఏపిస్తే నేను నీ కిందికి వచ్చినట్టయితది. నా వంతుల బండి ఎవరు నడపాల్నో నాకు తెల్సు" అన్నాడు. "దిగు అన్నానా?"

పిల్ల దిగింది. తాళం వాడి చేతిలో పెట్టింది. నేను దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాను. "నా వంతుల ఖమ్మం రా బిడ్డా. ఎంతసేపన్నా నడుపు. నేను పక్కన కూర్చుంట."

"మీ ఇంటికి రానిస్తడా?" అంది. నా చెయ్యి తీసేసింది. కళ్ళనిండా నీళ్ళు ఉన్నాయి, గొంతులో మాత్రం అచ్చం మా ఇంటి కోపం. "మంచిగ నడుపుకుంటున్న అత్తా నేను. నిన్నెవరు ఎయ్యమన్నరు? నన్ను ఒక్క మాట అడిగినవా? ఆయన మీద గెలవనీకి ఏసినవ్ నువ్వు. అవి ఊడబీకి పాతవి పెట్టిపియ్."

నేను ఏదో చెప్పబోయాను. అది వినకుండా వెళ్ళి జీపులో కూర్చుంది, తలుపు గట్టిగా వేసుకుంది. వాడు ఎర్ర కారులో ముందు వెళ్ళాడు, వాళ్ళ పాలేరు జీపు తోలుకుంటూ వెనక వెళ్ళాడు. పిల్ల నా వైపు చూడలేదు.

అప్పటి నుంచి నా ఫోను ఎత్తడం లేదు. పండక్కి మెసేజ్ పెడితే చూసి వదిలేసింది. మా తమ్ముడు టైర్లను కంటికి రెప్పలా చూసుకుంటున్నాడట, కంకర రోడ్డెక్కనివ్వడట, షెడ్డులో పట్టా కప్పి పెడుతున్నాడట. నా మీద ఎంతటి కసి ఉంటే కూతురి కంటే టైరు ముద్దయిందో వాడికే తెలియాలి. వాణ్ణి నేను క్షమించను. మేనమామను కూడా.

ఆ పిల్ల మాత్రం భద్రాచలంలో కనిపించిన మా చుట్టాలందరితో నా గురించి చెప్తోందట, మా అత్త నా నోటికాడి కారు లాగేసిందని. విన్న ప్రతిసారీ నా ప్రాణం విలవిల్లాడుతుంది. అయినా ఆ చెప్పినవాళ్ళను కూర్చోబెట్టి, ఇంకేమందని అడుగుతాను. తిట్లన్నీ పూర్తిగా చెప్పించుకుంటాను. తిట్టనీ. తిట్టడానికి అది ఉంది, నాకు అంతే కావాలి.